హాగరుకు కనబడని బావి
ధ్యానభాగము: ఆదికాండము 21:14–19



హాగరు తిత్తిలో నీళ్లు అయిపోయెను. బిడ్డను పొదక్రింద విడిచి దూరముగా కూర్చుండి ఏడ్చెను. దేవుడు ఆమె కొరకు క్రొత్త బావి త్రవ్వెనని వాక్యములో లేదు. ఆమె కన్నులు తెరచెను, అంతే. బావి అక్కడనే యుండెను.

మంజీర నెరిగిన మనకు సముద్రపు సంగతి వింతగా తోచవచ్చును. అండమానులో ఎన్నో తెలుగు కుటుంబములు కాపురమున్నవి. అక్కడ, 2018 వరకు హేవ్‌లాక్ అనబడిన స్వరాజ్ ద్వీపములో, జనులు గాలిసీసా వీపున కట్టుకొని నీట మునిగి పగడపు దిబ్బలను చూచెదరు. పెద్ద చేపలు ఎవరికైనను కనబడును. రాతివలె, నాచువలె నుండు చిన్నచేపలు త్వరపడువారికి కనబడవు. నేర్పరి ముందుగా చేపను వెదకడు. అది ఆశ్రయించు కొమ్మను వెదకి, దానియొద్ద కదలక నిలుచును.

పసిఫిక్ సముద్రములోని న్యూ కాలెడోనియాలో 1969లో జార్జి బర్గిబాన్ అను శాస్త్రజ్ఞుడు జలచరశాల కొరకు విసనకఱ్ఱవంటి పగడపు కొమ్మను తెచ్చెను. దానిని పరీక్షించునప్పుడు గాని, దానిని చుట్టుకొనియున్న గుర్రపుచేప కనబడలేదు. పొడవు 2 సెంటీమీటర్లయినను లేదు. కొమ్మమీద ఎట్టి బుడిపెలో దాని ఒంటిమీదను అట్టివే. అమెరికాలో ఈ జాతిని పెంచినవారు మరియొక వింత చూచిరి: నారింజరంగు తలిదండ్రుల పిల్లలు ఊదారంగు కొమ్మను పట్టుకొని ఊదారంగు దాల్చెను.

అది ఆటకు దాగలేదు. మ్రింగువారున్నారు గనుక దాగెను. మన సంఘములోను అట్లు దాగినవారున్నారు. చెరకు కొట్టుటకు పోయి అప్పుతో తిరిగివచ్చిన ఇంటి తల్లి, ఉన్న ఒక్క మంచిచీర ఉతికి కట్టుకొని ఆరాధనకు వచ్చి తలుపుదగ్గర కూర్చుండును. "బాగున్నావా అమ్మా?" అనిన, "దేవుని దయ అయ్యగారూ" అనును. ప్రక్కనున్న పిల్లవానిని "తిన్నావా బిడ్డా?" అనిన, తల్లి ముఖము చూచి "తిన్న" అనును. ఆరేండ్ల బిడ్డకు ఆ రంగు ఎవరు నేర్పిరి? గుమ్మమున నిలిచి చేయి కలిపి పంపు పలుకరింపులో ఇది కనబడదు. ఏ పొయ్యి రాజలేదో ఇరుగుపొరుగు అక్కలకు తెలియును. పెద్దలు వారి నడుగవలెను.

ఒక్క మాట. ఆ చిన్నచేపపై దీపము సూటిగా వేసిన, అది ముఖము త్రిప్పుకొనును. కావున ఆ యింటికి పోవునప్పుడు నలుగురైదుగురు కలిసి పోవద్దు, చందాపుస్తకము చేత పట్టుకొనవద్దు. సాయంకాలము ఒక్కరే పోయి, కొంతసేపు గడపమీద కూర్చుండుడి.