బాకీయా, సాయమా?

2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ సాయంత్రం మా కాలేజీ స్టాఫ్ వాట్సాప్ గ్రూపు పండగ చేసుకుంది. నేనూ ఒక దండం బొమ్మ, ఒక నవ్వు బొమ్మ పెట్టాను. ఆ నవ్వు గురించే ఈ వ్యాసం.

సంగతేమిటంటే, కరోనా వల్ల ఆదాయం పడిపోయిందని చెప్పి 2020 మార్చి ఆఖర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో కొంత భాగం వాయిదా వేసింది. నాలుగో తరగతి వాళ్లకి 10 శాతం, మాలాంటి వాళ్లకి 50 శాతం. మార్చి జీతం సగమే వచ్చింది, ఏప్రిల్ జీతమూ సగమే. ఇది కోత కాదు, వాయిదా అన్నారు. పెన్షన్లో కూడా సగం ఆపేసరికి రిటైరైన జిల్లా జడ్జి ఒకావిడ హైకోర్టుకి వెళ్లారు. ఆపిన డబ్బంతా 12 శాతం వడ్డీతో ఇమ్మని ఆగస్టులో హైకోర్టు చెప్పింది. వడ్డీ మా వల్ల కాదని ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పోయింది. అక్కడ వడ్డీని 6 శాతానికి తగ్గించారు గానీ, తప్పదు, ఇవ్వాల్సిందే అన్నారు. జీతం ఉద్యోగికి హక్కుగా రావలసింది, ప్రభుత్వం వీలు చూసుకుని ఇచ్చేది కాదు అన్నది ఆ తీర్పు సారాంశం.

ఎంత మంచి మాట! చదువుతుంటే గర్వంగా కూడా అనిపించింది. ఆ రాత్రి గిన్నెలు కడుగుతుంటే ఆమె గుర్తొచ్చింది.

ఆమె మా ఊరావిడే. మాది దేవరాపల్లి. విశాఖపట్నంలో మా ఇంట్లో ఎనిమిదేళ్లు పనిచేసింది. అడక్కుండా పేరు రాయడం నాకిష్టం లేదు కాబట్టి ఆమె అనే రాస్తాను. మా మండలంలోని రైవాడ రిజర్వాయరు నీళ్లు కాలవ పట్టి విశాఖ నగరానికి వస్తాయి. 'మన నీళ్లేనమ్మా' అని నవ్వుతూ ఆ నీళ్లతోనే మా గిన్నెలు తోమేది. నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను ఆమెని 'నువ్వు' అంటాను, ఆమె నన్ను 'మీరు' అంటుంది. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఇది నాకు వింతగా తోచలేదు. కాలేజీలో మాత్రం జెండర్, శ్రమ విభజన గురించి పాఠాలు చెబుతుంటాను.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. లాక్‌డౌన్ మొదటి రోజూ అదే. పండగ ఖర్చుకని అంతకు నాలుగు రోజుల ముందు నా దగ్గర వెయ్యి రూపాయలు ముందుగా తీసుకుంది. 25 పొద్దున మా అపార్ట్‌మెంట్ గేటుకి కాగితం అంటించారు, పనివాళ్లకి ప్రవేశం లేదని. ఆ నిర్ణయం తీసుకున్న కమిటీలో నేనూ ఉన్నాను. ఆమె పెందుర్తి దాకా నడిచి, అక్కణ్ణుంచి ఎవరిదో పాల వ్యాను బతిమాలి ఎక్కి దేవరాపల్లి చేరింది. ఈ సంగతి నాకు నెల తర్వాత ఫోన్లో తెలిసింది.

ఆమె జీతం నెలకి మూడు వేలు. ఏప్రిల్‌కి పదిహేను వందలు, మే నెలకి పదిహేను వందలు ఆమె కొడుకు ఫోన్‌కి పంపాను. పని చెయ్యని నెలకి సగమైనా ఇస్తున్నాను కదా అనుకున్నాను. నాకూ సగమే వస్తోంది కదా, ఇద్దరం సమానం అని కూడా అనుకున్నట్టు గుర్తు. జూన్, జూలై ఏమీ పంపలేదు. ఎందుకు పంపలేదో నిజాయితీగా చెప్పాలంటే, ఆమె అడగలేదు కాబట్టి.

ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో పని ఆగిందా? అంట్లు, బట్టలు, ఊడ్పు, తుడుపు అన్నీ జరిగాయి. నేను చేశాను. ఇంట్లోంచే ఆఫీసు చేసిన మా ఆయనకి ఆ పని ఎందుకు బదిలీ కాలేదన్నది వేరే వ్యాసం. అంటే నేను 'పని చెయ్యని నెల' అన్నది నిజానికి పని జరిగిన నెలే. ఆమె చేస్తే మూడు వేలు, నేను చేస్తే సున్నా. ఆ తేడా మిగులుగా మా ఇంటి లెక్కలోకి వచ్చింది. మా శ్రమకి విలువ కట్టరని ఇన్నేళ్లు రాస్తున్న నేను, నా శ్రమకి విలువ లేకపోవడాన్ని అడ్డం పెట్టుకుని ఆమె జీతం మిగుల్చుకున్నాను.

ఈ సంగతి ఎకనామిక్స్ చెప్పే నా స్నేహితురాలితో అంటే ఆవిడ కొట్టిపారేసింది. "రెండూ ఒకటెలా అవుతాయి? మనకి ఆపింది చేసిన పనికి రావలసిన జీతం. ఆమె పనిచెయ్యలేదు కదా" అంది. కోర్టు తీర్పులో కూడా చేసిన సేవకి జీతం అనే ఉంది, నిజమే. కానీ ఆ ఏప్రిల్‌లో నేను చేసిన సేవ ఏమిటి? నాలుగైదు ఆన్‌లైన్ పాఠాలు. క్లాసులో సగంమంది ఆడపిల్లలకి సొంత ఫోనే లేదు. కాలేజీ తలుపులు మూసి ఉన్నా నా జీతానికి ఢోకా లేకపోవడానికి కారణం నేను చేసిన పని కాదు. రిజిస్టర్లో నా పేరు ఉండటం. నేను పని మానలేదు, నన్ను మానమన్నారు, కాబట్టి జీతం నాదే అని అందరూ, నాతో సహా, ఒప్పుకున్నారు. ఆమెనీ మానమన్నారు కదా?

ప్రభుత్వం ఈ ప్రశ్నని అసలు ఆలోచించలేదని అనలేం. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. లాక్‌డౌన్లో మూతపడిన కాలానికి యజమానులందరూ కూలీ కోత లేకుండా సమయానికి ఇవ్వాలని. పరిశ్రమలు, దుకాణాలు, వాణిజ్య సంస్థలు అని రాశారు. ఇల్లు అని లేదు. ఇల్లు పనిచేసే చోటు కాదని, అందులో యజమాని ఉండడని (ఉండదని!) మన చట్టాల నమ్మకం. ఇంటి పనివారి హక్కుల మీద 2011లో వచ్చిన ఐఎల్‌ఓ 189వ ఒప్పందాన్ని భారతదేశం ఈరోజుకీ ధ్రువీకరించలేదు. సరే, హోంశాఖ ఉత్తర్వు కూడా ఎంతో కాలం బతకలేదు. యజమానులు కోర్టుకెళ్లారు, మే 18 నుంచి దాన్ని ఎత్తేశారు. జూన్ 12న సుప్రీంకోర్టు యజమానులూ కార్మికులూ మాట్లాడుకుని తేల్చుకోండి అంది.

యజమానుల బాధ అబద్ధమని నేననను. దేవరాపల్లిలో నాకు తెలిసిన ఒక టిఫిన్ హోటలుంది. మొగుడూ పెళ్లాం, ఇద్దరు ఆడకూలీలు. పొయ్యి ఆరిపోయిన హోటలు వాళ్లు కూలి ఎక్కణ్ణుంచి తెచ్చిస్తారు? కొన్ని దేశాల్లో ఈ భారం ప్రభుత్వమే మోసింది. బ్రిటన్‌లో పనిలేక ఇంట్లో కూర్చున్నవారి జీతంలో 80 శాతం, నెలకి 2,500 పౌండ్ల దాకా, ప్రభుత్వం ఇచ్చింది. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా నడిచింది ఆ పథకం. అక్కడ ఇళ్లల్లో పనిచేసే ఆయాలకి కూడా వర్తించింది, యజమాని జీతాన్ని పన్నుల శాఖ లెక్కల్లో చూపిస్తూ ఉంటే. అంత సంపన్న దేశంలోనూ గేటు దగ్గర అడిగింది అదే: నీ పేరు ఎక్కడైనా రాసి ఉందా?

మనకీ ఆ మాత్రం జరిగింది. వందమంది లోపు పనిచేసే సంస్థల్లో, 90 శాతం మందికి 15 వేల లోపు జీతమైతే, ఉద్యోగి వాటా, యజమాని వాటా కలిపి 24 శాతం పీఎఫ్‌ని కొన్ని నెలలు కేంద్రమే కట్టింది. పీఎఫ్ నంబరు ఉన్నవాళ్లకి. జన్‌ధన్ ఖాతా ఉన్న స్త్రీలకి ఏప్రిల్ నుంచి మూడు నెలలు, నెలకి 500. బ్యాంకుల దగ్గర తొక్కిసలాట లేకుండా ఖాతా చివరి అంకెని బట్టి రోజులు కేటాయించారు. ఆమెకి ఉన్నది డ్వాక్రా పొదుపు కోసం తెరిచిన ఖాతా. అది జన్‌ధన్ కాదు. కాబట్టి చివరి అంకె ఏదైనా ఒకటే. రాష్ట్ర ప్రభుత్వం రేషను కార్డుకి ఇచ్చిన వెయ్యి మాత్రం ఏప్రిల్ మొదటి వారంలో వలంటీరు ఇంటికి తెచ్చి ఇచ్చాడట. తోపుడుబళ్ల వాళ్లకి, చిరువ్యాపారులకి ఆ నవంబరులో 'జగనన్న తోడు' కింద పది వేలు ఇచ్చారు, అది వడ్డీ లేని అప్పు.

అవే నెలలు, పని ఆపమన్నదీ అదే ప్రభుత్వం. నాకు వచ్చింది వడ్డీతో తీర్చాల్సిన బాకీ, బజ్జీల బండి ఆవిడకి అప్పు, మా ఇంట్లో పనిచేసినామెకి సాయం. డబ్బు ఎంతన్నది నాకు రెండో విషయం. ఐదొందలు కాక ఐదు వేలు ఇచ్చినా దాని పేరు సాయమే అయి ఉండేది. సాయం తీసుకున్నవాళ్లు నమస్కారం పెట్టాలి, బాకీ రాబట్టుకున్నవాళ్లు పెట్టక్కర్లేదు. రిజర్వాయరు కింద భూమి పోతే ఇచ్చేదాన్ని ఎవరూ సాయం అనరు, నష్టపరిహారం అంటారు. పదిమంది మేలుకోసం ఒకరి బతుకుతెరువు ఆపినప్పుడు దాని ఖరీదు పదిమందీ భరించాలన్న న్యాయం అది. లాక్‌డౌన్ కూడా పదిమంది మేలుకోసమే కదా. అయితే భూమి విషయంలోనూ పరిహారం దక్కింది పట్టా ఉన్నవాళ్లకే, ఆ భూమిలో కలుపు తీసిన ఆడవాళ్లకి కాదు. ఈ దేశంలో స్త్రీ పనికి పట్టా ఎవరిస్తారు?

ప్రభుత్వాన్ని ఇన్ని అడిగాక నన్ను నేను అడక్కపోతే ఎలా? మా ఇంట్లో ఆమెకి ఒక హాజరు పుస్తకం ఉందా, ఒక రసీదు ఉందా? నా గోడ మీది పాల క్యాలెండర్లో ఆమె రాని రోజులు సున్నాలు చుట్టి ఉంటాయి. వచ్చిన రోజులు లేవు.

ఆ ఫిబ్రవరి ఆఖర్లో అమ్మని చూడ్డానికి ఊరెళ్లాను. (అప్పటికి అది విశాఖపట్నం జిల్లాయే, అనకాపల్లి జిల్లా 2022లో వచ్చింది.) ఆమె బెల్లం గానుగ దగ్గర చెరకు పిప్పి ఆరబెడుతోంది. మళ్లీ పనికి రమ్మని అడిగితే తల అడ్డంగా ఊపింది. "వేసంకాలం ఉపాధి పని ఉంటాదమ్మా. చెరువు పూడిక తీసినాం. అక్కడ మస్టర్లో పేరు రాత్తారు" అంది. రోజుకి 237 అని కాగితం మీద ఉన్నా కొలతల్లో తగ్గిపోయేదని కూడా తనే చెప్పింది.

మూడు వేలు పెట్టిన కవరు చేతికిచ్చాను. "ఇదేటమ్మా?" అంది. 'నీ జీతం' అనాలని దారంతా అనుకుంటూ వచ్చాను. తీరా నోటివెంట వచ్చింది, "ఉంచు, పిల్లలకి ఏమన్నా కొను." ఆమె నా మొహంకేసి చూస్తూ నిలబడింది. ఇక తప్పక మా జీతాలు ఆపడం, కోర్టు, తీర్పు అన్నీ చెప్పాను.

"ఓలమ్మ, వడ్డీ కూడా ఇమ్మన్నారా మీకు!" అని నవ్వింది. "అయితే ఇవి నా ఏప్రిలు, మే డబ్బులన్నమాట." కవరు విప్పి లెక్కపెట్టి, అందులోంచి వెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. "ఉగాదికి తీసుకున్నాను గదమ్మా. తీసీసుకోండి, సరిపోద్ది."

జూన్, జూలై మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎండ ఎక్కుతోందని ఆమె పిప్పి తిరగెయ్యడానికి వెళ్లిపోయింది. ఆ వెయ్యి నేను పర్సులో పెట్టుకున్నాను.