కన్నీళ్లు పెట్టుకున్న దేవుడు

చావు జరిగిన ఇంట్లో మన విశ్వాసులు ముందుగా అనే మాట "అంతా దేవుని చిత్తం". ఓదార్చాలనే అంటారు, కాదనను. కానీ బాధకు దేవుని పేరుతో వివరణలిచ్చిన యోబు స్నేహితులను ఆ గ్రంథం చివర్లో దేవుడే తప్పుపట్టాడు. యోహాను సువార్త 11వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు, బయల్దేరే ముందే శిష్యులతో అన్నాడు కూడా. అయినా బేతనియ దగ్గర లాజరు సోదరి మరియ పాదాల మీద పడి ఏడుస్తుంటే ఆయనకూ ఏడుపొచ్చింది. కాసేపట్లో తీరబోయే దుఃఖానికి కన్నీళ్లెందుకు? ముగింపు తెలిసినా ఆ క్షణంలో మరియ పడుతున్న బాధ ఆయనకు చిన్నదిగా కనిపించలేదు. దేవుడెలాంటివాడో క్రీస్తులోనే తెలుస్తుందని నమ్మేవాళ్లు ఈ కన్నీళ్లను దాటిపోలేరు.

దేవుడు మార్పులేనివాడు, బాధకు లోబడితే దేవుడెలా అవుతాడన్నది పాత అభ్యంతరం. ఐదో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ దీనికిచ్చిన సమాధానం నాకిప్పటికీ గట్టిదనిపిస్తుంది. దైవత్వంలో బాధకు అతీతుడైన కుమారుడు తాను ధరించిన శరీరంలో మన బాధను సొంతం చేసుకున్నాడంటాడాయన. బలవంతాన లొంగినవాడిని బలహీనుడనవచ్చు. ఇష్టపడి భారం ఎత్తుకున్నవాడిని ఎలా అంటాం? 1943లో హాంబర్గ్ బాంబుదాడిలో పక్కనున్న స్నేహితుణ్ణి పోగొట్టుకున్న జర్మన్ వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మన్ మరో అడుగు ముందుకేసి, సిలువ దగ్గర తండ్రీ పుత్రశోకం అనుభవించాడని 1972లో రాశాడు. కాథలిక్ వేదాంతి కార్ల్ రానర్‌కు ఇది నచ్చలేదు. దేవుడూ నాలాగే చిక్కుకుపోతే నాకు ఒరిగేదేమిటన్నది ఆయన ప్రశ్న. సిలువతోనే కథ ముగిస్తే ఆ ప్రశ్నకు జవాబు లేదు. అయితే తిరిగి లేచిన ప్రభువు తోమాకు చూపించింది మేకుల గాయాలనే. మరణాన్ని గెలిచినవాడూ ఆ గాయాలు మోస్తున్నవాడూ ఒక్కడే గనుక, తోడుండడానికీ విడిపించడానికీ మధ్య ఒకటి ఎంచుకోవలసిన పని లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరో అభ్యంతరం. బాధలో దేవుడున్నాడంటే, ఓర్చుకుని పడి ఉండమని పేదలకు చెప్పడానికి అదొక సాకవుతుంది. తరతరాలుగా అవమానాలు పడ్డ మాల మాదిగ పల్లెలే తెలుగు సంఘానికి పునాది కాబట్టి, ఈ ప్రమాదం మనకు దూరంది కాదు. కానీ లాజరు కోసం ఏడ్చినవాడు ఏడ్చి ఊరుకోలేదు, సమాధి మీది రాయి తీయమన్నాడు. అలాగే 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతంలో చేరేవాళ్లు ఉండకూడదని, ఆ గడ్డుకాలం గడిచేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు.