మారకూడదని కోరేవాళ్ళం

ఒక ఊరికి ఒక్కసారి వెళ్ళొచ్చినవాణ్ణి టూరిస్ట్ అంటాం. మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాడికి మాత్రం మన లెక్కలో ఒక మెట్టు ఎక్కువ. వాడు చూడ్డానికి కాదు, తెలుసుకోడానికి వెళ్తున్నాడని అనుకుంటాం. యాత్రల గురించి రాసేవాళ్ళలో చాలామంది చెప్పేదీ ఇదే. నెమ్మదిగా వెళ్ళు, మళ్ళీ వెళ్ళు, వాళ్ళు తినేది తిను, అప్పుడే ఊరు తెలుస్తుంది అని. నాకు ఈ మాట మీద కొన్నేళ్ళుగా అనుమానం. మొదటిసారి వెళ్ళినవాడికి ఆ ఊరి జ్ఞాపకం ఉండదు, కాబట్టి ఫిర్యాదూ ఉండదు. గొడవంతా రెండోసారి నుంచే. "ఇక్కడో హోటలుండేది కదా?" "పులుసు ముందు ఇలా ఉండేది కాదే?" అంటాం. మనం ఏమీ ఇవ్వని ఊళ్ళో మనకో వాటా పుట్టుకొస్తుంది. ఆ వాటా న్యాయమైనదేనా?

నేను ఇలా పదేపదే వెళ్ళిన చోట్లు రెండే. ఒకటి అనకాపల్లి జిల్లా రాంబిల్లి, మా ఆవిడ మేనత్తగారి ఊరు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు హైదరాబాదులో రాత్రి రైలెక్కి యలమంచిలిలో దిగుతాం. రెండోది బెర్లిన్‌లోని క్రాయిట్స్‌బెర్గ్ అనే పేట. ఆఫీసు పని మీద నాలుగుసార్లు వెళ్ళాను. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం విడ్డూరంగానే ఉంటుంది. కానీ నా ప్రశ్న పుట్టింది ఆ రెంటి మధ్యనే.

క్రాయిట్స్‌బెర్గ్‌ తిండికి పేరు. తిండంటే ముందు గుర్తొచ్చేది టర్కీవాళ్ళ డోనర్ కబాబ్, కాలువ అవతలి గట్టున మంగళ, శుక్రవారాల్లో పెట్టే సంత. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీలకి కూలీలను పిలిపించుకుంది. అదే ఏడు బెర్లిన్ గోడ లేచింది. గోడకి ఆనుకున్న పేట, పాత ఇళ్ళు, చవక అద్దెలు. వచ్చినవాళ్ళు అక్కడ చేరారు. 1989లో గోడ పడిపోయాక ఊరి అంచు కాస్తా నడిబొడ్డయింది, అద్దెలు లేచాయి. 2012లో కాట్‌బుసర్ టోర్ దగ్గర అద్దెదారులు రోడ్డు పక్కనే చెక్కలతో ఒక పాక కట్టుకుని అద్దెల పెంపు మీద నిరసనకి కూర్చున్నారు. వాళ్ళలో చాలామంది టర్కీ కుటుంబాలవాళ్ళు. అదే పేటలో స్టార్టప్ క్యాంపస్ పెడదామనుకున్న గూగుల్, స్థానికుల వ్యతిరేకత తర్వాత 2018లో ఆ ఆలోచన మానుకుంది. ఆ వార్త చదివి నేను సంతోషించాను. నా జీతం కూడా ఆ తరహా కంపెనీల వైపు నుంచే వస్తుందన్నది వేరే సంగతి.

అయితే వాళ్ళు కొట్లాడింది అద్దె కోసం. కబాబ్ రుచి కోసం కాదు. ఆ రెండూ ఒకటేనని అనుకోవడం నాలాంటివాడికి సులువు, ఎందుకంటే అక్కడ వాళ్ళ అవసరం, నా ఇష్టం ఒకే వైపు లాగాయి. రాంబిల్లిలో అలా లాగవు.

రాంబిల్లిలో నాకు ఇష్టమైనవి చెప్తాను. పొద్దున్నే మజ్జిగ, ఉల్లిపాయతో చోడి అంబలి. రాగుల్ని అక్కడ చోళ్ళంటారు. కానాగంతల పులుసు, అందులో చివర్లో వేసే చిన్న బెల్లం ముక్క. చేపల పులుసులో బెల్లమేమిటని గుంటూరు వైపు మిత్రులు ముఖం చిట్లిస్తారు. వాళ్ళతో వాదించి లాభం లేదు. చలికాలంలో తేగలు. అన్నిటికన్నా ఎక్కువగా, చెరకు గానుగాడే రోజుల్లో ఊరి బయట కాగే పాకం వాసన. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. చుట్టుపక్కల మండలాల్లో చెరకు వేసే రైతులు దాని మీద ఆధారపడి బతికారు.

అత్తయ్యగారి ఇంట్లో గానుగ ఆపేసి చాలా ఏళ్ళయింది. ఆ పొలంలో ఇప్పుడు సరుగుడు తోట. నేనోసారి ఆ వాసన గురించి కాస్త మైమరచి మాట్లాడుతుంటే ఆవిడ చేట పక్కన పెట్టి, "ఆ పెనం కాడ నిలబడ్డోడికి తెలుస్తాది బాబూ, కమ్మదనం ఏటో" అన్నారు. తెల్లారుజామున మంట వేసి, రసం కాగుతుంటే తెట్టు తీస్తూ, పాకం ముదిరే క్షణం కోసం ఆ వేడి ముందు కాపు కాయాలి. కూలీలు దొరకరు. దొరికినా ధర దక్కదు. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి చెరకు అమ్ముకుందామన్నా ఆ దారి లేదు. ఆవిడ కోడలు అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో కుట్టు లైన్లో పనిచేస్తుంది. నెల తిరిగేసరికి జీతం, చేతిలో తన సొంత ఏటీఎం కార్డు. ఆ అమ్మాయి ముందు కూర్చుని "గానుగలు పోతున్నాయే" అని బాధపడాలంటే కొంత మొండితనం కావాలి. ఒక రుచి మారకూడదని కోరడమంటే, ఆ రుచిని తయారుచేసే మనుషులు అదే పనిలో, అదే కూలికి, అదే పెనం ముందు ఉండిపోవాలని కోరడం. ఇది మనం మర్యాద కోసం పైకి అనం. 'అసలు రుచి', 'పాత రుచి' అనే మాటల్లో దాచేస్తాం.

అయితే అభివృద్ధికి జై కొట్టి ఊరుకుందామా అంటే అదీ కుదరదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. అత్తయ్యగారి చిన్నబ్బాయి వేరే ఫార్మా కంపెనీలో షిఫ్టుకి వెళ్తాడు. ఆ సాయంత్రం అతని ఫోన్ కలిసేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఇక తీరం వైపు రాంబిల్లి దగ్గర నావికాదళం పెద్ద స్థావరం కడుతోంది. పేపర్లలో ఐఎన్ఎస్ వర్ష అని రాస్తారు. దానికి భూములు పోయిన పల్లెలున్నాయి. వేటకి వెళ్ళే జాగా పోయిందనీ పరిహారం చాలదనీ మత్స్యకారులు ఏళ్ళుగా ఆందోళనలు చేస్తున్నారు. ఊరివాళ్ళు కోరుకున్నదే జరగాలనే సూత్రం క్రాయిట్స్‌బెర్గ్‌లో చక్కగా పనిచేసింది. ఇక్కడ ఆ ఊరివాళ్ళెవరు? ఒక్క ఇంట్లోనే కోడలు ఒక మాట చెప్తుంది, అత్తగారు ఇంకో మాట చెప్తారు. రేవులో ఉన్న వాళ్ళ చుట్టం మూడో మాట చెప్తాడు. దేశ రక్షణ లాంటి విషయాల్లో అయితే ఎవరినీ అడగను కూడా అడగరు.

మరి నాలాంటివాడి ఇష్టానికి ఇందులో ఏ పాత్రా లేదనుకుంటే సరిపోతుందా? చాలా రోజులు ఆ జవాబు దగ్గర ఆగిపోదామనిపించింది. వినయంగా ఉంటుంది కూడా. కానీ బెల్లం రంగు దాన్ని ఒప్పుకోనివ్వదు. పసుపు పచ్చగా మెరిసే దిమ్మకి మార్కెట్లో మంచి ధర పలుకుతుంది కాబట్టి, రంగు తేలడానికి పాకంలో హైడ్రోస్ కలపడం అలవాటైంది. అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. ఆ రంగు రైతుకి పుట్టిన కోరిక కాదు. కొనేవాడి కంటికి నచ్చిన రంగు. ఇప్పుడు నగరాల్లో మనకి నల్లబెల్లం మీద మనసైంది, ఆర్గానిక్ అని రాసి ఉంటే ఎక్కువైనా ఇస్తాం. "ఏటి బాబూ, మళ్ళీ ఆ నల్లబెల్లం కోసమేనా?" అని అత్తయ్యగారు నవ్వుతారు. ఒకప్పుడు నల్లగా వచ్చిన దిమ్మని ఇంట్లోనే ఉంచుకుని, పచ్చటిది బండెక్కించేవాళ్ళట. కాబట్టి మన రుచికి ఓటు లేదనడం నిజం కాదు. ఎప్పటినుంచో వేస్తూనే ఉన్నాం. ఊరికి వెళ్ళని రోజుల్లో కూడా, కిరాణా కొట్లో నిలబడి. తీరా ఫలితం వచ్చాక 'అయ్యో, కల్తీ చేస్తున్నారు' అని ఊరివాళ్ళ మీదకి నెట్టేస్తాం.

రాంబిల్లి వెళ్ళినప్పుడల్లా పంచదార్లకి ఓ పూట కేటాయిస్తాను. కొండ నుంచి దిగే నీటి ధారలు, వాటి వల్లే ఊరికి ఆ పేరు, పక్కన ధర్మలింగేశ్వరుడి గుడి. అక్కడ 1407 నాటి తూర్పు చాళుక్య రాజు విశ్వేశ్వరుడి శాసన స్తంభం ఉంది. చదవడం నాకు రాదు, వేలితో అక్షరాల గాట్లు తడిమి వస్తాను. మన గుళ్ళలో శాసనాలు వేయించినవాళ్ళంటే నాకు పెద్ద గౌరవమేం లేదు. మామూలుగా రాజు పేరుంటుంది, దున్నినవాడి పేరుండదు. కానీ ఒక విషయంలో వాళ్ళు మనకన్నా నిక్కచ్చి. పుణ్యంలో వాటా అడిగితే, బదులుగా ఏం ఇచ్చామో కూడా రాయి మీద చెక్కించారు. మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాళ్ళం మనం ఊరి మీద వాటా అడుగుతాం, ఇచ్చిన పద్దు మాత్రం ఖాళీ. ఆటో కిరాయి, రెండు కేజీల బెల్లం, ఒక ఇన్‌స్టాగ్రామ్ పోస్టు.

మళ్ళీ మళ్ళీ వెళ్ళడంలో పనికొచ్చేది ఏదైనా ఉంటే అది ఇంకెక్కడో ఉండాలి. పోయినసారి వెళ్ళినప్పుడు రేవు నుంచి వాళ్ళ చుట్టం, యాభై దాటిన మనిషి, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నేనెప్పుడూ ఫొటోలు తీస్తుంటానని ఎవరో చెప్పారట. పాతవి ఉన్నాయా అని అడిగాడు. ఏదో వినతిపత్రానికి జత చేయాలట, పడవల దాకా వెళ్ళే పాత బాట ఎటు నుంచి ఉండేదో చూపించడానికి. మేం నోటితో చెప్తే నమ్మరు బాబూ, తేదీ ఉండాలంట అన్నాడు. ఫోన్లో 2018 నుంచి వెనక్కి వెళ్ళాం. అన్నీ చేపలే. బుట్టలో కానాగంతలు, ఇసకలో ఎండేసిన నెత్తళ్ళు, ఎండ పడి మెరుస్తున్న చందువ. ఒక్కో ఫొటో దగ్గర చేపని దాటించి, రెండు వేళ్ళతో వెనకాల మసకగా ఉన్నదాన్ని పెద్దది చేసి చూశాడు. ఒకదాంట్లో వంకర తాటిచెట్టు కనిపించింది. "ఇదే, దీని పక్కనుంచే" అన్నాడు. పదకొండు ఫొటోలు తేదీలతో సహా పంపించాను. వాటిలో చేపలు బాగా పడ్డవి మూడో నాలుగో, అవి తనకి అక్కర్లేదన్నాడు.