పొయ్యి వెనక గోడ

గ్యాస్ పొయ్యి వెనక గోడకి ఏ రంగు టైల్స్ వెయ్యాలి? ఇదీ ఒక ప్రశ్నేనా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. పోయినేడు మా వంటిల్లు బాగు చేయించుకున్నప్పుడు ఈ ప్రశ్న దగ్గరే నేను మూడు వారాలు ఆగిపోయాను. గ్రానైటు బండ, సింకు, అలమరలు అన్నీ ఒక్క పూటలో తేలిపోయాయి. బండ మీద నుంచి రెండడుగుల ఎత్తు గోడ మాత్రం నన్ను ముప్పయ్యేళ్ళు వెనక్కి ఈడ్చుకుపోయింది.

షాపులో కుర్రాడు ఓపిగ్గా చాలా చూపించాడు. అంతా గుజరాత్ మోర్బీ సరుకు. పండ్ల బుట్టలు, కాఫీ కప్పులు అచ్చేసిన 'హైలైటర్' టైల్స్ మధ్యలో నాలుగు పెట్టుకోమన్నాడు. నేను కాఫీపొడి రంగులో చుక్కలు చుక్కలుగా ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టాను. "మంచి సెలెక్షన్ మేడం, దీంట్లో ఏ మరకా కనపడదు" అన్నాడు. ఆ మాటకి నాకు చాలా సంతోషమైంది. ఇంటికొచ్చాక, ఎందుకంత సంతోషపడ్డానా అని ఆలోచిస్తే అక్కణ్ణించి మొదలైంది బాధ.

1996లో నాకు సోషల్ టీచరుగా ఉద్యోగం వచ్చి గుంటూరులో కాపురం పెట్టాం. ఇల్లు అడగబోతే అద్దె సంగతి తర్వాత, ముందు "మీరేంటోళ్ళు?" అనేవాళ్ళు. "క్రిస్టియన్సండీ" అనేవాళ్ళం. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. దొరికిన ఇంటి ఓనరమ్మ మంచిదే. "నీచు వండుకుంటే వండుకోండి గానీ, అది మాత్రం వద్దమ్మా" అంది. 'అది' అంటే ఏంటో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. ఆమె దాకా ఎందుకు, మేం మాత్రం దాని పేరు పలుకుతామా? పెద్దకూర అంటాం.

ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఆయన సంచి అడుగున తెచ్చేవాడు. పైన తోటకూర కట్టలు. నేను కిటికీ తలుపులు మూసి వండేదాన్ని. చిన్నకూరకి నాలుగైదు విజిల్సు చాలు, దీనికి ఇంకా కావాలి. పక్క వాటా వాళ్ళు లెక్కబెడతారేమోనని నాలుగు కూతలు కాగానే కుక్కరు దించేసి, కాసేపాగి మళ్ళీ ఎక్కించేదాన్ని. పొయ్యి వెనకది తెల్ల సున్నం గోడ. ఏ కూర ఉడికినా తుంపర్లు పడతాయి. కానీ ఈ కొవ్వు చల్లారితే మైనంలాగా తెల్లగా పేరుకుంటుంది. సున్నం నూనెని పీల్చేసుకుంటుంది, గీకితే పెచ్చు ఊడి వస్తుంది. అందుకని మైదా జిగురుతో గోడంతా పాత పేపర్లు అంటించాను. ఒకటో తారీకున ఆవిడ అద్దెకి వచ్చేది. ముందురోజు రాత్రి పాత పేపరు పీకేసి కొత్తది అతికేదాన్ని. పీకింది మా చెత్తలో వేసేదాన్ని కాదు. బడికి పోతూ దారిలో కాలవలో పడేసేదాన్ని. సొంత జీతంతో కొనుక్కున్న తిండి తిని, దొంగసొత్తు మాయం చేసినట్టు చేశాను, ఆరేళ్ళు. అదే కాలవ దాటి బళ్ళోకి పోయి పిల్లలకి రాజ్యాంగం 17వ అధికరణం పాఠం చెప్పేదాన్ని. అంటరానితనం రద్దయిందిరా, రాసుకోండి అని.

మా పల్లెలో అమ్మ పొయ్యి వెనకదీ గోడే. మట్టి గోడ. మసి పట్టి నిగనిగలాడేది. వారానికోసారి పేడా ఎర్రమన్నూ కలిపి అలికేది. పొయ్యి పైన దండెం మీద తునకలు వేలాడేవి, ఆ పొగకే ఎండేవి. అక్కడ ఎవరికి కనపడకుండా దాచాలి? పల్లెంతా అదే తిండి. 1999లో దీపం పథకం కింద గ్యాస్ వచ్చేదాకా ఆ మసి అలాగే ఉంది. అదే అమ్మ ఊళ్ళో ఆసాముల ఇంట ఇరవై యేళ్ళు అంట్లు తోమింది. పెరట్లో తోమి బోర్లిస్తే, వాళ్ళు నీళ్ళు చల్లి లోపలికి తీసుకుపోయేవాళ్ళు. ఆ ఇంటి వంటగది గోడ ఏ రంగో అమ్మకి తెలీదు. ఆ ఇంటి గిన్నెల మాడు మాత్రం బాగా తెలుసు.

మరక వేరు, మైల వేరు. మరక గోడ మీద పడుతుంది, సబ్బుతో కడిగితే పోతుంది. మైల మనిషికి అంటగడతారు. దానికి సబ్బు లేదు. 1948లో అంబేద్కర్ అంటరానివాళ్ళ పుట్టుక గురించి రాసిన పుస్తకంలో, ఈ వెలికి మూలం గొడ్డుమాంసం తినటం దగ్గరుందని వాదించాడు. అది చదివాను, మీటింగుల్లో చెప్పాను కూడా. 2012లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే టీవీ ముందు కూచుని శభాష్ అన్నాను. అప్పుడూ మా వంటింటి కిటికీ మూసే ఉంది. అప్పటికి అది సొంతిల్లే.

భయపడటం తప్పా అని మీరడగొచ్చు. 2015లో ఢిల్లీ పక్కన దాద్రి దగ్గర ఇంట్లో ఆవుమాంసం ఉందన్న పుకారుకే ఒక మనిషిని కొట్టి చంపారు. కాబట్టి దాచుకున్నవాళ్ళని పిరికివాళ్ళనే హక్కు నాకు లేదు. బతకటానికి దాచుకోవటం నేరం కాదు. నన్ను బాధపెట్టింది అది కాదు. నా భయానికి నేనే 'సెలెక్షన్' అని పేరు పెట్టుకుని, డబ్బిచ్చి కొని, సిమెంటుతో గోడకి అతికించుకోబోయాను. నా పిల్లలు రేపు దాన్ని అమ్మ అభిరుచి అనుకుంటారు.

ఇదంతా అమ్మకి చెప్పలేదు. ముదురు రంగైతే మరకలు కనపడవమ్మా అన్నాను, అంతే.

"కనపడకపోతే ఎట్టా తుడుస్తావే?" అంది అమ్మ. "మురికి కంటికి ఆనాల. లేకపోతే జిడ్డు పేరుకుని బొద్దింకలు చేరతయ్. తెల్లవి ఎయ్యి."

నా తత్వమంతా ఒక పక్కన, బొద్దింకలు ఒక పక్కన. తెల్లవే తెచ్చాం, పూలూ కప్పులూ ఏమీ లేకుండా.

టైల్స్ మేస్త్రి మావాడే, పక్క మండలం పల్లె. పాత గోడని గాట్లు కొట్టి, టైల్స్‌ని బుడగలు ఆగిందాకా తొట్లో నానేశాడు. లేకపోతే అవి సిమెంటులో నీళ్ళు లాగేసుకుని తర్వాత ఊడిపోతాయట. పొయ్యి ఎదురుగా నిండు పలకలు వచ్చేట్టు కొలుచుకుని, కోసిన ముక్కల్ని ఫ్రిజ్ మూలకి తోశాడు. మొదటి వరస మట్టం చూసుకోటానికే గంట పట్టింది. తాగే నీళ్ళు మాత్రం తన బాటిల్లోవే. టీ ఇస్తే గ్లాసు పట్టుకుని గుమ్మం బయటికి పోయాడు. లోపలే తాగు అంటే, "అలవాటు మేడం" అన్నాడు. "ఎన్ని వంటిళ్ళు కట్టానో లెక్కలేదు. పాలు పొంగించినాక ఒక్కదాంట్లో కూడా మళ్ళీ కాలు పెట్టలా."

సందులు నింపే రోజున ఎపాక్సీ వేయించుకోమన్నాడు, వైటు సిమెంటు పసుపు పీలుస్తుందని. ఖర్చు ఎక్కువని నేనే వద్దన్నాను.

పని అయిపోయింది ఆదివారం. అమ్మ పెద్దకూర ఎక్కించి మేస్త్రిని ఆ బండ పక్కనే పీటేసి కూచోబెట్టింది. కూర తుకతుకమంటూ తెల్ల పలకల మీద ఎర్రగా చింది పడింది. నా చెయ్యి గబుక్కున గుడ్డ మీదికి పోయింది. "ఉండు, కూర దించినాక ఒక్కసారే తుడుద్దాం" అంది అమ్మ. కిటికీ ఆమే తీసిపెట్టింది, ఉక్కపోస్తుందని. పక్కింటివాళ్ళ బాల్కనీ సరిగ్గా ఎదురు. నేను అన్నం తిన్నంతసేపూ అటే చూశాను, ఒప్పుకుంటున్నాను.

పలకలు తుడిస్తే ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి. సందుల్లో సిమెంటు మాత్రం పసుప్పచ్చగా అయింది. సబ్బు పెడితే ఎర్రగా మారుతుంది గానీ పోదు. మేస్త్రి చెప్పినప్పుడే ఎపాక్సీ వేయించాల్సింది.