మన గుంపువాడు కాని బిషప్పు

వాక్యభాగము: మార్కు 9:38–40



క్రిందటి నెలలో మేము విశాఖపట్టణము వన్ టౌన్‌లో జరిగిన కాపరుల కూటమునకు వెళ్లియుంటిమి. జీవము దేవుని వరమనునది ఆ దినము మాకియ్యబడిన అంశము. మేము జర్మనీ దేశపు కతోలిక బిషప్పు ఒకరి సంగతి చెప్పితిమి. కూటము ముగిసి, ఓడరేవు వైపు దిగు వీధిలో టీ త్రాగుచుండగా, కాలేజీలో చదువుచున్న ఒక యౌవనస్థుడు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, కోపపడకండి. మనము ప్రొటెస్టెంట్లము. మన ప్రసంగపీఠము మీదనుండి ఆయనను ఎందుకు పొగడవలెను? పైగా యూదులను చంపుచుండగా ఆయన నోరు మెదపలేదట గదా!" అని అడిగెను. చదువుకొన్న పిల్లవాడు, మర్యాదగానే అడిగెను. ఆ రాత్రి బస్సులో మాకు నిద్రపట్టలేదు. ఆ జవాబే ఈ నెల మీకును వ్రాయుచున్నాము.

ఆ బిషప్పు పేరు క్లెమెన్స్ ఆగస్ట్ ఫాన్ గాలెన్. 1878లో జమీందారీ వంశములో పుట్టి, 1933లో మ్యున్‌స్టర్ పట్టణమునకు బిషప్పాయెను. ఆ సంవత్సరమే హిట్లరు అధికారములోనికి వచ్చెను. యుద్ధము మొదలైన తరువాత మతి స్థిమితము లేనివారిని, అవయవలోపముతో పుట్టినవారిని, మూర్ఛరోగులను ఆశ్రమములనుండి బస్సులలో తీసికొనిపోయి విషవాయువుతో చంపిరి. కొన్నాళ్లకు ఇంటికి ఉత్తరము వచ్చును: మీవాడు జబ్బుతో చనిపోయెను, దహనమైనది, కావలెనన్న బూడిద పంపెదము అని. 1940 జనవరి మొదలు 1941 ఆగస్టు వరకు ఈ విధముగా డెబ్బదివేల మందికి పైగా చంపబడిరి.

1941 ఆగస్టు 3వ తేదీ ఆదివారము. ఆ దినపు సువార్త పాఠము యేసు యెరూషలేమును చూచి ఏడ్చిన భాగము. గాలెన్ పీఠమెక్కి, ఈ చావులు జబ్బు చావులు కావు, హత్యలు అని బాహాటముగా చెప్పెను. తాను ప్రభుత్వ న్యాయవాది యొద్ద హత్యానేరపు ఫిర్యాదు ఇచ్చితిననియు చెప్పెను. మన పల్లెవారికి వెంటనే తెలియు మాట ఒకటి ఆయన అందులో వాడెను. పనిచేయని యంత్రమును పారవేయుదురు, కుంటి గుఱ్ఱమును, పాలియ్యని ఆవును వదలించుకొందురు, మనుష్యుడు ఆలాటివాడా? ఈ రోజు వెర్రివారిని చంపినయెడల, రేపు యుద్ధములో కాలు పోగొట్టుకొన్న సైనికుని సంగతి ఏమి, మంచమెక్కిన ముసలివారి సంగతి ఏమి అని అడిగెను. మ్యున్‌స్టర్ ప్రక్క పల్లెలోని ఒక రైతు ఆశ్రమములో ఉండగా, అతని కొడుకు సైన్యములో పోరాడుచున్న సంగతియు చెప్పెను. వినువారిలో ఆలాటి కొడుకుల తండ్రులు ఎందరుండిరో!

ఆ ప్రసంగమును జనులు చేతితోను, టైపుమిషను మీదను నకళ్లు వ్రాసి రహస్యముగా పంచుకొనిరి. పార్టీవారిలో కొందరు ఆయనను ఉరితీయవలెననిరి. ఆ ప్రాంతపు జనమంతయు చేయి జారిపోవుదురని గోబెల్స్ వెనుకాడెను. మూడు వారములకు, ఆగస్టు 24న, హిట్లరు ఆ గ్యాసుగదుల పని ఆపించెను. ప్రసంగమొక్కటే కారణమని మేము చెప్పము. మందులతోను ఆకలితోను చంపుట 1945 వరకు చాటుగా సాగెను, అదియు నిజమే.

ఇప్పుడు ఆ యౌవనస్థుని ప్రశ్న. "మనవాడు కాడు" అనునది క్రొత్త మాట కాదు. మన వాక్యభాగములో యోహాను పలికిన మాటయే. ఎవడో ప్రభువు నామమున దయ్యములను వెళ్లగొట్టుచుండగా, అతడు మనతో నడచువాడు కాడని యోహాను ఆటంకపరచెను. ప్రభువు యోహానును మెచ్చుకొనలేదు. నిజము చెప్పవలెనంటే మనవారును ఊరకుండలేదు. 1940 జూలైలోనే వుర్టెంబర్గు ప్రొటెస్టెంటు బిషప్పు వుర్మ్ మంత్రికి ఉత్తరము వ్రాసెను. పాస్టరు బ్రౌనె ఆ వేసవిలోనే వివరమైన నివేదిక వ్రాసియిచ్చి జైలు పాలాయెను. అయితే ఆ కాగితములు కచేరీలకు పోయినవి. గాలెన్ మాట జనులలోనికి పోయెను. అది మనము ఒప్పుకొనవలెను. ల్యూబెక్ పట్టణములో ఆయన ప్రసంగములను పంచిన నేరము కూడ మోపబడి ముగ్గురు కతోలిక గురువులును, ష్టెల్‌బ్రింక్ అను లూథరన్ పాస్టరును 1943 నవంబరు 10న ఒకే దినమున శిరచ్ఛేదము పొందిరి. అక్కడ ఎవరు ఏ గుంపువారని కత్తి అడుగలేదు.

యూదుల సంగతి కష్టమైనది. వారి కొరకు ఆయన ఆ పీఠము మీదనుండి అట్లు ఘోషించలేదు. తన దేశము చేయుచున్న యుద్ధమును సమర్థించెను. దీనిని మేము కప్పిపుచ్చము. 2005లో రోములో ఆయనను ధన్యుడని ప్రకటించినప్పుడును ఈ ఆక్షేపణ వినబడెను, వినబడవలసినదే. అయినను, ఒకడు ఒక నూతిలోనుండి ఒకని పైకి లాగినయెడల, రెండవ నూతి యొద్దకు పోలేదు గనుక మొదటి పని కూడ లెక్కలోనిది కాదందుమా? యిర్మీయాను గోతిలోనుండి పాతబట్టల త్రాళ్లతో పైకి తీసిన ఎబెద్మెలెకు యెరూషలేమునంతటిని రక్షింపలేదు. ఆ ఒక్కడైన ప్రవక్త బ్రతికెను, దేవుడు ఎబెద్మెలెకును జ్ఞాపకము చేసికొనెను. గాలెన్ విడిచిన నూతిని చూపు హక్కు మనకున్నది, అయితే చూపినవాడు త్రాడు పట్టుకొని యుండవలెను గదా.

ఆ మాటయే బస్సులో మమ్మును గ్రుచ్చెను. మన యొద్ద బస్సులు రావు, స్కానింగు యంత్రములున్నవి. కడుపులోనిది ఆడపిల్లయో మగపిల్లవాడో చెప్పకూడదని 1994లోనే చట్టమాయెను. అయినను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేండ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుండగా, 2011 లెక్కలలో 939 మందియే తేలిరి. ఆ తగ్గినవారి తలిదండ్రులలో బల్ల దగ్గరకు వచ్చువారు ఒక్కరును లేరని చెప్పగల కాపరి ఎవరు? మేము ఎన్నడైన పీఠము మీద ఆ మాట ఎత్తితిమా? లేదు. పెళ్లిండ్లు చేసితిమి, కానుకలు పుచ్చుకొంటిమి.

ఇంకొకటి. మా సంఘములోని ఒక ఇంట నడవలేని, మాటలాడలేని పిల్లవాడున్నాడు. పండ్రెండేండ్లు. వెనుక వసారాలో మంచము మీద ఉండును. ఎనిమిది సంవత్సరములుగా మేము ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్లుచున్నాము. ముందుగదిలో కూర్చుండి, కాఫీ త్రాగి, కుటుంబమంతటిని దీవించి వచ్చుచుంటిమి. పిల్లవానిని చూపుమని ఒక్కసారియు అడుగలేదు. తల్లికి సిగ్గు కలుగునేమో అనుకొంటిమి. సిగ్గు మాదే.

వన్ టౌన్ నుండి వచ్చిన మరునాటి సాయంకాలము ఆ ఇంటికి వెళ్లి, "అమ్మా, చిన్నబాబు దగ్గర కూర్చుందుము" అంటిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత వసారాలోని తడిబట్టలు తీసివేసి, పీట వేసెను. పిల్లవాడు మా కండువా అంచు పట్టుకొని విడువలేదు. వీనిని గుడికి తేవచ్చునా, నడుమ అరచునేమో అని తండ్రి అడిగెను. తెమ్మంటిమి. ఆదివారము మంచము పట్టునంత చోటు తలుపు ప్రక్కన చేయుటకు పెద్దలు రెండు బల్లలు వెనుకకు జరిపియున్నారు.