సంకల్పంలో ఏ నది పేరు చెప్పాలి?

 

మన బెజవాడ అమ్మాయి ఒకావిడ అడిగింది. పిట్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ చేసి, ఉద్యోగం వచ్చి, అక్కడే అద్దెకుంటోంది. "గురువుగారూ, రోజూ దీపం పెట్టి సంకల్పం చెప్పుకుంటాను. అలవాటుగా కృష్ణా గోదావరుల మధ్యే ఉన్నానంటున్నాను. అది అబద్ధమే కదా? కానీ మారిస్తే అమ్మానాన్నలను వదిలేసినట్టు అనిపిస్తోంది."

చూడండి, ఇది పూజావిధానం ప్రశ్న కాదు. "నేను పరాయిదాన్నయిపోయానా?" అనే బాధ.

సంకల్పం అంటే భగవంతుడి ముందు మన అడ్రస్ చెప్పుకోవడం. ఏ ద్వీపం, ఏ నదుల మధ్య, ఇవాళ ఏ తిథి. సొంతిల్లయితే స్వగృహే, అద్దె ఇల్లయితే వసతిగృహే అంటాం. అంటే అద్దె గదిలో ఉన్నవాడు కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవచ్చని పెద్దలు ముందే ఆలోచించారు! అమెరికాలో చాలామంది అర్చకులు జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం, రమణక వర్షం అంటారు. అక్కడి నదుల పేర్లు కలుపుతారు. ఆ అమ్మాయి ఉన్న ఊరి పక్కనే, పెన్ హిల్స్‌లో, 1976లోనే శ్రీ వేంకటేశ్వరుడికి గుడి కట్టడం మొదలుపెట్టారు. వాళ్లు తిరుమలను వదిలేసినట్టా? కాదు కదా!

ఊరు చెప్పాక ఏం చెబుతాం? గోత్రం, పేరు. వీసా మారినంత మాత్రాన గోత్రం మారదమ్మా.

కృష్ణమ్మనే చూడండి. పుట్టింది మహారాష్ట్రలో, మహాబలేశ్వరంలో. సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి, మన ఇంద్రకీలాద్రి పాదాలు తాకి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆమెను పరాయిదని ఎవరైనా అన్నారా? చేరిన నేలను తడిపింది, పైరు పండించింది, అమ్మ అయింది. కానీ ఇంకో సంగతి డెల్టా రైతుకు బాగా తెలుసు. ఎగువన వాన పడకపోతే ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇసుకే కనిపిస్తుంది. పుట్టినచోటుతో తెగిన నది ఎక్కడా పారదు.

అందుకని అమ్మా, రేపటి నుంచి ధైర్యంగా అలెఘేనీ, మొనాంగహేలా నదుల పేర్లు చెప్పుకో. ఆ ఊళ్లో ఎవరికైనా ఉపయోగపడు. పూజ అయ్యాక అమ్మకు ఫోన్ చెయ్యి, వేరే పని పెట్టుకోకుండా మాట్లాడు. ఆవిడకు ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రం సంకల్పం చాలదు, టికెట్ తీసుకోవాలి. అదీ పూజే.

సర్వే జనాః సుఖినో భవంతు.