మైదానమున పర్వతసాధన

గజ్వేల్ పట్టణమున ఉద్యోగము చేయుచు, లదాఖ్ కొండలలో జరుగు పరుగునందు మొదటిమాఱు పాల్గొన నిశ్చయించుకొనిన యువతి యొకతె, బాల్యమున తనకు చదువు చెప్పిన విశ్రాంతోపాధ్యాయుని వర్గల్ సరస్వతీ ఆలయపు గుట్టపై, నేను వినుచుండగా అడిగిన ప్రశ్న, పరుగును గూర్చినదే యయ్యును, సాధన యన్న ప్రతి పనికిని చెందునదిగా నాకు తోచినది.

“సారూ, ఈ గుట్టను ఎన్నిమాఱు లెక్కినను గుట్ట నెక్కుటయే గదా! దీనిని పర్వతసాధన యనుకొనుట ఆత్మవంచన కాదా?”

“బిడ్డా, నీ తొడకండరమునకు హిమాలయమని, వర్గల్ అని పేర్లు తెలియవు. యాభై మీటర్ల ఎత్తును పదిమాఱు లెక్కిన కాళ్లు మోసినది ఐదువందల మీటర్ల ఎత్తే. మన కొండపోచమ్మ సాగర జలాశయమునకు గోదావరి ఎట్లు వచ్చినది? మేడిగడ్డ యొద్ద సుమారు 100 మీటర్ల మట్టమున నున్న నీరు, ఒక్క ఎత్తున గాక, ఒక పంపుహౌసు వెంట మఱియొక పంపుహౌసు ఎత్తిపోయగా గదా 618 మీటర్ల మట్టమునకు చేరినది.”

“ఆ నీరు గెలిచిన ఎత్తును జలాశయములు నిలుపుచున్నవి సారూ. నేనో, ఎక్కినదంతయు దిగి పోగొట్టుకొనుచున్నాను.”

ఆక్షేపము సమంజసమైనది. ఆయన కొంతసేపు మాటాడలేదు.

“దిగుటను నష్టమనుకొనకుము. కొండపరుగునకు కొత్తవారి కాళ్లను కూల్చునది దిగుడే. ఎక్కునప్పుడు తొడకండరము కుంచించుకొనుచు పనిచేయును. దిగునప్పుడు దేహభారమును ఆపుచునే సాగవలసివచ్చును. ఆ సాగుటలో దాని సన్నని పోగులు దెబ్బతినును. నొప్పి మఱునాడో మూడవనాడో ముదురును.”

“అందుకేనా, మొదటిసారి పరుగున దిగిన మఱునాటి ఉదయము మా యింటి మెట్లను రెయిలింగు పట్టుకొని పక్కవాటుగా దిగితిని!”

“అదే. కాని ఆ దెబ్బ తిని కోలుకొనిన కండరము, కొన్ని వారములలో అట్టి దిగుడే మరల ఎదురైనచో అంతగా నొవ్వదు. నీవు పోగొట్టుకొంటి ననుకొన్నది నీ కాళ్లలో నిలిచియున్నది.”

“అయినచో సర్వము ఇచటనే లభించునా?”

“గాలి లభింపదు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. అచట వాయువులో ప్రాణవాయువు పాలు మనయొద్దవలె 21 శాతమే. కాని సముద్రతీరముతో పోల్చిన పీడనము మూడింట రెండువంతులు మాత్రమే యగుటచే, ప్రతి శ్వాసలోను అందునది తగ్గును. ఆ కొఱతకు అలవాటుపడుటను మన గుట్టలేవియు నేర్పలేవు.”

పిమ్మట ఆయన మాలావత్ పూర్ణను స్మరించెను. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామమున పుట్టిన ఆ గిరిజన బాలిక, పదునాలుగేండ్లు నిండకమునుపే, 2014 మే 25న ఎవరెస్టు నధిరోహించినది. శిల నెక్కుట ఆమె నేర్చినది భువనగిరి కోటగుట్టపైననే. తరువాత డార్జిలింగ్, ఆపై లదాఖ్ శీతలము. భువనగిరి చాలునని ఎవరును ఆమెను తిన్నగా మంచులోనికి పంపలేదు. మంచు లేదుగదా యని భువనగిరిని ఎవరును త్రోసివేయనులేదు. ఈ రెండు నిరాకరణములును కలిసియుండుటయే నాకు మిక్కిలి విలువైనదిగా కనిపించినది.

“లేహ్‌కు ఎప్పుడు చేరుదువు?” అని ఆయన అడిగెను.

“పరుగునకు రెండురోజుల ముందు. అంతకు మించి సెలవు దొరకలేదు.”

“అయినచో రేపు గుట్టకు రాకుము. ఆఫీసుకు పెందలకడ పోయి, ఇంకొక వారము సెలవడుగుము.”